వఫ్రా టమాటాల మధ్య పెద్ద ఫిడేలు

కువైట్ వెళ్లొచ్చినవాడు బంగారం గురించైనా చెప్పాలి, ఎండ గురించైనా చెప్పాలి. నేను వెళ్లింది చలికాలం కనక ఎండ లేదు. బంగారం కొట్టు అద్దాల బయటినుంచే చూశాను. నా దగ్గర మిగిలిందల్లా ఒక పెద్ద ఫిడేలు కథ. నోటితో చెబితే మావాళ్లు కడుపుబ్బ నవ్వుతున్నారు గానీ ఒక్కడూ నమ్మడం లేదు. అందుకని కాగితం మీద పెడుతున్నాను.

మద్రాసులో సినిమా పాటల రికార్డింగులకి డబుల్ బేస్ వాయిస్తాను. మనిషికంటే ఎత్తుండే ఫిడేలు అది. నిలబడి, ఒంటికి ఆనించుకుని, తీగల్ని వేళ్లతో లాగి వాయించాలి. పాటలో మీకు వినపడేది గాయని గొంతు, వయొలిన్లు, తబలా. వాటన్నిటి కిందా ‘దుం దుం’ అంటూ ఒకటి నడుస్తూ ఉంటుంది చూడండి, అది నేను. ఆగిపోతే తప్ప అదొకటుందని ఎవరికీ తెలియదు.

ఎనభైల మొదట్లో కువైట్‌లోని తెలుగువాళ్లు కొందరు కలిసి మా సంగీత దర్శకుణ్ణి పాటల కచేరీకి పిలిచారు. ఆయన్ని మేమంతా మాస్టారు అంటాం. ఇద్దరు గాయకులు, పన్నెండుమంది వాయించేవాళ్లం బయల్దేరాం. సోమవారం దిగడం, శుక్రవారం కచేరీ. విమానం ఎక్కడం నాకు అదే మొదటిసారి. కిటికీ పక్క సీటు దొరికినందుకు గంటసేపు ఎవరితోనూ మాట్లాడలేదు.

విమానాశ్రయంలో ఆవకాయ

డబుల్ బేస్‌ని విమానంలో పంపాలంటే శవపేటికంత చెక్కపెట్టె కావాలి. ఫిడేలుని అందులో పడుకోబెట్టాక నడుము దగ్గర రెండు పక్కలా కాస్త ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీని కనిపెట్టింది గాయనిగారి అమ్మగారు. "నాయనా, కువైట్‌లో మా అల్లుడికి ఆవకాయ. చిన్న జాడీయే, ఓ మూల పడుంటుంది" అన్నారు. సరేనన్నాను. మర్నాడు తబలా ఆయన బావమరిదికి గోంగూర వచ్చింది. కోరస్ అమ్మాయి పిన్నికి అప్పడాలు, మాస్టారి స్నేహితుడికి కందిపొడి, ఎవరికో తెలియదు గానీ రెండు రోకలిబండలు కూడా వచ్చాయి. నేను కాదనలేని మనిషిని. బయల్దేరేనాటికి ఆ పెట్టెలో అసలు అద్దెకున్నది ఫిడేలే అన్నట్టు తయారైంది.

కువైట్ విమానాశ్రయంలో ఆ పెట్టె సందులోంచి ఎర్రగా ఏదో కారుతోంది. కస్టమ్స్ అధికారి పెట్టె ఆకారం చూశాడు, ఎరుపు చూశాడు, రెండడుగులు వెనక్కి వేశాడు. ఏదో కేక పెట్టాడు. నలుగురు పరిగెత్తుకొచ్చారు. మా గాయనిగారి అమ్మగారు మద్రాసులో ఉండిపోయారు గనక బతికిపోయారు. లేకపోతే ఆ ఎరుపు చూసి అల్లుడి కోసం అక్కడే ఏడ్చేవారు.

మూత తీయగానే ఘాటు గుప్పుమంది. అధికారి మెల్లిగా వంగి, ఫిడేలు పొట్టమీద అతుక్కుపోయిన మామిడి ముక్కని రెండు వేళ్లతో తీసి వాసన చూశాడు. "అచార్!" అన్నాడు, పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టు. నలుగురూ పకపకా నవ్వారు. అంతటితో ఊరుకోక ముక్క నోట్లో వేసుకున్నాడు. ఆ తరవాత చాలాసేపు మంచినీళ్లే తాగాడు. మా మిగిలిన సామానేదీ తెరవకుండా పంపించేశారు.

నేనూ నవ్వుతున్నాను, ఫిడేలు మెడ చూసేదాకా. రోకళ్లు దొర్లి జాడీని పగలగొట్టి, ఆ ఊపుతోనే ఫిడేలు మెడ మీద పడ్డాయి. అది మొదలంటా విరిగిపోయి తీగలతో వేలాడుతోంది. పద్దెనిమిదేళ్లుగా నా భుజానికి ఆనుకుని నిలబడిన మెడ అది. నలుగురూ చూస్తున్నారని కూడా లేకుండా ఏడ్చేశాను.

మాస్టారు చెడ్డమనిషి కాదు. కానీ మొహమాటం లేదు. "ఏం చేస్తాంలేవయ్యా. ప్రసాదు కీబోర్డు మీద ఎడంచేత్తో నీ బేస్ కూడా లాగించేస్తాడు. మద్రాసులోనూ అందరూ అదే చేస్తున్నారు. శుక్రవారం బాగా కుదిరితే మనమూ అలాగే పోదాం" అన్నారు.

కీబోర్డు ప్రసాదు నా వైపు చూడలేక తన బూట్లు చూసుకున్నాడు. నాకు సంగతి అర్థమైంది. శుక్రవారంలోగా ఈ ఇసక దేశంలో ఇంకో డబుల్ బేస్ సంపాదించాలి, లేదా ఆ ఎడంచెయ్యి నా ఉద్యోగాన్ని ఎత్తుకుపోతుంది.

సబా అల్ సలేం

మమ్మల్ని తలా ఒక ఇంటికి పంచారు. నా వంతుకి సబా అల్ సలేం అనే పేటలో మస్తాన్ బాషా గది వచ్చింది. మస్తాన్‌ది రాయచోటి. ఒక కువైటీ కుటుంబానికి కారు నడుపుతాడు. పెద్ద ఇల్లు, దాని గేటు పక్కన ఇతని గది. గదిలో మంచం ఒకటి, క్యాలెండర్లు మూడు. తనకి కింద చాప వేసుకుని మంచం నాకిచ్చాడు.

మధ్యాహ్నం పెద్దింట్లోంచి పెద్ద పళ్లెం వచ్చింది. దాని నిండా పసుప్పచ్చటి అన్నం, పైన మాంసం, వేయించిన ఉల్లిపాయలు, కిస్‌మిస్‌లు. మస్తాను, తోటమాలి, పక్కింటి డ్రైవర్లు, నేను, మొత్తం ఆరుగురం చుట్టూ కూచున్నాం. మన దగ్గర పక్కవాడి విస్తట్లోకి చూడ్డమే మర్యాద కాదు. ఇక్కడ ఆరు చేతులూ ఒకే అన్నంలో. నేను తెలియకుండానే నా వైపు అన్నానికి వేలితో గట్టు కట్టుకున్నాను. మస్తాను చూసి పడీపడీ నవ్వాడు.

"ఏందన్నా, పొలానికి గెనుం ఏసినట్టు ఏస్తాండావు! ఈడ కయ్యలు లేవు. తిను, తిను."

మంచి మాంసం ముక్కలు ఏరి ఏరి నా వైపు తోశాడు. రెండో రోజుకి నా గట్టు దానంతటదే పోయింది. రొట్టెలు మాత్రం చేటంతేసి ఉంటాయి. పొయ్యిలోంచి తీసినవి వేడివేడిగా వార్తాపత్రికలో చుట్టి ఇస్తాడు కొట్టువాడు. వంద ఫిల్సులు పెడితే ఇద్దరికి సరిపోను వచ్చాయి. దీనారుకి వెయ్యి ఫిల్సులు, దీనారంటే మన ముప్పై రూపాయల పైమాట. మొదటి రోజంతా ప్రతిదాన్నీ రూపాయల్లోకి మార్చి భయపడ్డాను. మర్నాడు మార్చడం మానేశాను, ఆకలి పెరిగింది.

మంగళవారం పాత బజారులో ఊద్ తయారుచేసే ఒక ముసలాయన దగ్గరికి విరిగిన ఫిడేలు పట్టుకుపోయాం. ఊద్ అంటే అరబ్బుల వీణ అనుకోండి. ఆయన చిన్న గాజుగ్లాసుల్లో మాకు టీ పోశాడు, మెడని అటూ ఇటూ ఆడించాడు, లోపలికి తొంగి చూశాడు, తుమ్మాడు. చివరికి అరచేతులు దులుపుకుని "ఖలాస్" అన్నాడు. ఆ ఒక్క అరబ్బీ మాటకి నాకెవరూ అర్థం చెప్పక్కర్లేకపోయింది.

దారిలో నా మొహం చూడలేకపోయాడేమో, మస్తాను కారు పక్కకి ఆపాడు.

"అన్నా, నువ్వు దిగులు పడాకు. మా మామావాళ్లు సముద్రం పక్కన ఒక హోటల్‌కి తినేకి పోతారు. ఆడ ఒక అమెరికా తాత ఇట్లాంటి ఫిడేలే పట్టుకోని నిలబడి వాయిస్తా ఉంటాడు. నేను కారు కాడ నుంచి అద్దంలో చూసినా."

ఇక్కడ ఇంటి యజమానురాలిని పనివాళ్లు మామా అంటారు. ఆ మామా ఎవరో గానీ, ఆవిడ అక్కడ తిన్న ప్రతి ముద్దకీ మనసులో దణ్ణం పెట్టుకున్నాను.

సముద్రం పక్క హోటల్

బుధవారం ఉతికిన చొక్కా వేసుకుని వెళ్లాను. లోపల కాళ్లు కూరుకుపోయే తివాసీ. ముక్కున్న ఇత్తడి కూజా పట్టుకుని ఒకాయన వచ్చి, గుప్పెట్లో పట్టేంత చిన్న గిన్నెలో కాఫీ పోశాడు. పచ్చగా, ఏలకుల వాసనతో, చక్కెర లేకుండా ఉంది. తాగేసి గిన్నె ఇస్తే మళ్లీ పోశాడు. మర్యాద కదా అని తాగాను. మళ్లీ పోశాడు. ఏడో గిన్నెకి నా గుండె తబలా మొదలెట్టింది. అప్పుడు సామాన్లు మోసే మలయాళీ ఒకతను జాలిపడి, చాలు అనడానికి గిన్నెని అటూ ఇటూ ఊపాలని చూపించాడు. ఊపాను. కూజా ఆయన నవ్వి వెళ్లిపోయాడు.

తాత కోసం చూస్తే, వేదిక మీద నల్లకోటు మనిషి ఒక్కడే ఉన్నాడు. ముందు ఒక కీబోర్డు. అందులోంచే డ్రమ్ములు, అందులోంచే బూరాలు, అందులోంచే బేస్. ఆ కీబోర్డు మీద నాకు ప్రసాదు ఎడంచెయ్యే కనిపించింది.

"ముసలాయన్ని తీసేసి మూణ్ణెల్లయింది. ఆ పెట్టె వచ్చాక బ్యాండంతా పోయింది" అన్నాడు మలయాళీ. "ఊరికి పోయేదాకా ఉండమని వఫ్రాలో ఒక షేకు తన తోటలో గది ఇచ్చాడు. హోటల్‌కి ఆయన వాయించేది వినడానికే వచ్చేవాడు ఆ షేకు. ఫిడేలు కూడా అక్కడే ఉంది."

నేను బయటికి పరిగెత్తి, కారు దగ్గరున్న మస్తాన్‌ని పట్టుకుని ఊపేశాను. ఏడు గిన్నెల కాఫీ తాగిన మనిషికి ఆశ పుడితే ఎలా ఉంటుందో అతనికి బాగా తెలిసొచ్చింది.

వఫ్రా

వఫ్రా దక్షిణాన, సౌదీ సరిహద్దు వైపు. బస్సులు దాదాపు లేవు. గురువారం మస్తాను సెలవడిగి, కూరగాయలకని చెప్పి పెద్దింటి బండి తీశాడు. దారి పొడుగునా ఇసక, ఒంటెలు, మధ్యమధ్య గొర్రెల మందలు. ఒకచోట గొర్రెల కాపరి మాకు చెయ్యి ఊపి, "ఎవురూ? కడపోళ్లా?" అని తెలుగులో కేకేశాడు. బండి మీద ఏమీ రాసి లేదు. ఎలా కనిపెట్టాడో నాకిప్పటికీ అంతుపట్టలేదు.

తోటలో ప్లాస్టిక్ పరదాల కింద టమాటాలు వరసలు వరసలుగా వేలాడుతున్నాయి. లోపల అడుగుపెడితే వానాకాలం మా సామర్లకోటలా తేమ. వరసల చివర, టమాటా తీగల మధ్య, తడి గోనెలు కప్పుకుని నిలబడి ఉంది డబుల్ బేస్. నా కాళ్లు నేలమీద నిలవలేదు. పరిగెత్తబోతుంటే ఎవరో చొక్కా పట్టుకున్నారు.

"నిదానం సామీ, నారు తొక్కుతాండావు!"

ఆ పట్టుకున్నవాడు సుబ్బరాయుడు, పులివెందుల దగ్గర మనిషి. ఆ తోట చూసుకునేది అతనే. ఫిడేలుని చూసుకునేదీ అతనే. ఎడారి గాలికి దాని చెక్క బీటలు వారుతుంటే, టమాటాలకి పట్టించే తేమే దానికీ పట్టిస్తే సరిపోతుందని అతనే చెప్పాడట. "మొక్కలకి నీళ్లు కొట్టినప్పుడంతా దీనికి గోనెసంచి తడుపుతాండా. అదీ చెట్టే గద సామీ" అన్నాడు.

అమెరికా తాత పేరు ఎజ్రా విట్లీ. అరవై దాటాయి, సన్నగా పొడుగ్గా ఉంటాడు, తలమీద ఊలు టోపీ. ఎడంచేతి రెండు వేళ్లు కీళ్లవాతంతో వంకర తిరిగాయి. చెయ్యి కలుపుతూనే నా వేలి కొసలు తడిమి చూశాడు. అక్కడి గట్టిపడిన చర్మం చూసి, "ఎన్నేళ్లు?" అన్నాడు. ఆయన ఇంగ్లీషుని నాకొచ్చినంత తెలుగులో చెబుతున్నాను.

భోజనానికి సుబ్బరాయుడు రాగిసంగటి ముద్దలు, టమాటా పప్పు, చెనిక్కాయల ఊరిబిండి అని వేరుశెనగ పచ్చడీ పెట్టాడు. రాగిపిండి ఊరినుంచి తెచ్చుకున్నది. ఎజ్రా సంగటిని పప్పులో అద్ది నమలకుండా మింగుతుంటే నేను నోరు వెళ్లబెట్టాను. మూణ్ణెల్లలో అలవాటు చేశాడట. గోదావరివాణ్ణి నేనే నమిలి నవ్వులపాలయ్యాను.

తింటూ ఎజ్రా తన కథ చెప్పాడు. నాన్న మంగలి. ఈయన చిన్నప్పుడు చర్చి బ్యాండులో పెద్ద ఇత్తడి బూరా ఊదేవాడు. పన్ను విరిగి ఊదలేకపోతే ఫిడేలు చేతికిచ్చారు. ఆ రోజుల్లో బేస్ అంటే పందిరి గుంజ. ఉండాలి, అంతే. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో న్యూయార్కు చేరాడు. అక్కడ కొంతమంది కుర్రాళ్లు డాన్సులకి వాయించి విసిగిపోయి, మెరుపు వేగంతో కొత్తరకం సంగీతం ఒకటి పుట్టిస్తున్నారు. దానికి బీబాప్ అని పేరు. ఆ వేగానికి బేస్‌వాళ్లు చాలామంది దణ్ణం పెట్టి వెళ్లిపోయారట.

"నేను వెళ్లలేదు" అన్నాడు ఎజ్రా. "వాళ్లు పరిగెడుతుంటే నేను కింద నడిచాను. ఒక్కో దెబ్బకి ఒక్కో స్వరం, ఎప్పుడూ అదే స్వరం కాదు. కొన్నాళ్లకి, నన్ను కూడా ఒంటరిగా పాడనివ్వండి అన్నాను. బేస్ పాడటమేమిటని నవ్వారు. పాడాక నవ్వలేదు."

కొన్ని రికార్డులకి వాయించాడు. వాటిలో ఒకదాంట్లో ఆయన ఒక్కడే వాయించింది ఎనిమిది ఆవర్తాలు. ఆ రికార్డు మీద పొరపాటున ఇంకొకరి పేరు పడింది. తరవాత కొత్త పాటలు వచ్చాయి, కరెంటు గిటార్లు వచ్చాయి. టాక్సీ నడిపాడు. ఓడల మీద వాయించాడు, బీరూట్ హోటళ్లలో వాయించాడు, అక్కడ యుద్ధం వస్తే ఇక్కడికొచ్చాడు. ఇదంతా ఊళ్లో పెళ్లి కబుర్లు చెప్పినంత హుషారుగా చెప్పాడు. నెలాఖరుకి చెల్లెలి ఇంటికి వెళ్లిపోతున్నాడు.

నేను ఆవకాయ కథ చెప్పాను. కళ్లనీళ్లొచ్చేలా నవ్వాడు. ఆ నవ్వు ఆరకముందే ఫిడేలు అరువు అడిగాను.

"ఇవ్వను" అన్నాడు. "ఒకసారి అరువిచ్చాను. తాకట్టు కొట్టులో దొరికింది."

నా శుక్రవారం సంగతి చెప్పాను, ప్రసాదు ఎడంచెయ్యి సంగతి చెప్పాను. హోటల్లో తనకి జరిగిందే నాకు జరగబోతోందని ఆయనకి చెప్పక్కర్లేదు. చాలాసేపు టోపీ సర్దుకుని, "ఏదైనా వాయించు. మనిషివో కాదో చూస్తాను" అన్నాడు.

ఎనిమిది మెట్లు

ఫిడేలు పక్కన నిలబడి, స్వరాలు రాసిన కాగితం కోసం చుట్టూ చూశాను. నవ్వకండి. సినిమా ఆర్కెస్ట్రాలో మేం రాసింది వాయిస్తాం. రాయనిది ఒక్క చుక్క కూడా వాయించం. కాగితం లేకుండా నాకు వచ్చింది ఒకే ఒక్కటి, మా గురువు ఫెర్నాండెజ్ మాస్టారు చేతివేళ్లకి సాధకంగా నేర్పింది. దాని పేరు ఎనిమిది మెట్లు. ఆయన కుర్రవాడిగా ఉన్నప్పుడు ఏదో పాత రికార్డు విని పట్టుకున్నాడట. మద్రాసులో బేస్ పట్టిన ప్రతివాడికీ అది వచ్చు. క్లబ్ డాన్సు పాట వస్తే చాలు, అదే వాయిస్తాం.

వాయించాను. మెట్లు ఎక్కుతూ ఎక్కుతూ ఆరో మెట్టు దాటాక ఒక గెంతు గెంతి కిందికి దిగుతుంది. ఆ గెంతు చాలా కష్టం. దానికి మా గురువు నన్ను ఆరు నెలలు తిట్టాడు.

ఎజ్రా టమాటాల పెట్టె లాక్కుని దానిమీద కూలబడ్డాడు. "మళ్లీ" అన్నాడు. వాయించాను. "మళ్లీ." మూడోసారికి లేచి ఫిడేలు నా చేతుల్లోంచి తీసుకున్నాడు. అవే మెట్లు వాయించాడు. మూడింతల వేగంతో, ఒక్కో స్వరం గుండ్రంగా రాలుతుంటే నాకు ఒళ్లు జలదరించింది. కానీ గెంతు లేదు. గెంతవలసిన చోట ఇంకో మెట్టుంది.

నేనూరుకోవచ్చు కదా. "ఒక మెట్టు ఎక్కువ వేశారండి" అని ఆయన్ని దిద్దాను.

ఎజ్రా నన్ను చూశాడు. "ఎక్కువ నేను వెయ్యలేదు, తక్కువ నువ్వు వేశావు. ఇది నాది. నేను చెప్పిన ఆ ఎనిమిది ఆవర్తాలు ఇవే." అతని మొహంలో ఏదో వెలిగింది. "మీ గురువు రికార్డు మీద గీత పడి ఉంటుంది. అక్కడ ముల్లు గెంతింది. ముల్లు గెంతిందని మీ గురువు గెంతాడు, ఆయన గెంతాడని నువ్వు గెంతుతున్నావు. మీ ఊళ్లో బేస్‌వాళ్లు ఎంతమంది?"

"పద్దెనిమిదిమంది ఉంటారండి."

"పద్దెనిమిదిమందీ గెంతుతున్నారా!"

ఆ మాటతో ఫిడేలుని పక్కకి ఆనించి, పెట్టెమీద కూచోబోయి కిందికి జారిపోయి నవ్వాడు. నాకు ముందు సిగ్గేసింది, ఆరు నెలల తిట్లు గుర్తొచ్చాయి, తరవాత నేనూ ఆపుకోలేకపోయాను. ఇద్దరం టమాటా మొక్కల మధ్య మట్టిలో కూచుని నవ్వుతున్నాం.

సుబ్బరాయుడు మాత్రం నవ్వడం లేదు. "ఉండండి, ఉండండి. అది మా డాన్సు పాటలోది గదా!" అంటూ పరిగెత్తుకెళ్లి టేపురికార్డరు తెచ్చాడు. క్యాసెట్టు ముందుకీ వెనక్కీ తిప్పి పెట్టాడు. మా మాస్టారి పాటే, నేనే వాయించాను. గాయని ఊపిరి వదలగానే కిందినుంచి ఎనిమిది మెట్లు, గెంతుతో సహా.

ఎజ్రా చెవి టేపురికార్డరుకి ఆనించాడు. "ఇక్కడ సినిమాలో ఏం జరుగుతోంది?"

"దొంగల నాయకుడు కూచుని ఉంటాడండి. ఒకమ్మాయి నెమలీకలు కట్టుకుని వాడిముందు డాన్సు చేస్తుంది. హీరో గెడ్డం అతికించుకుని వస్తాడు."

"నేను ఆ స్వరాలు కట్టినప్పుడు సరిగ్గా ఇదే అనుకున్నాను" అన్నాడు, చాలా గంభీరంగా.

సుబ్బరాయుడు ఆ పాటని ఇంకో నాలుగుసార్లు వేశాడు. అయిదోసారికి ఎజ్రా టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఎవరి పేరుతో వచ్చిందో ఎవరికీ పట్టని పాత రికార్డు ఒకటి, సముద్రం దాటి, గీతలు పడి, ఇంతమంది చేతుల్లోకి వచ్చిందని తనకి తెలియకుండానే ఇంటికి వెళ్లిపోయేవాణ్ణి అన్నాడు.

"ఫిడేలు ఇస్తాను. అయితే నేనూ వస్తాను దానితో" అన్నాడు లేస్తూ. "ఆ గెంతు నాకు కూడా నేర్పు. నాకెందుకు తట్టలేదో ఇన్నాళ్లూ!"

శుక్రవారం

ఎజ్రా, సుబ్బరాయుడు, ఫిడేలు ముందురోజు రాత్రే మాతో మస్తాన్ గదికి వచ్చేశారు. కచేరీ ఒక బడి హాల్లో, సాయంత్రం నాలుగింటికి. మస్తాను బండి తేవాలంటే మామా అనుమతి కావాలి. ఈసారి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆవిడ ఇస్తానంది, కాకపోతే తనని ముందు అక్కగారింట్లో దింపమంది. ఫిడేలు బండి వెనకనుంచి మధ్యదాకా పడుకుంది. మెడ ఎక్కడా తగలకుండా ఉండాలని ఆవిడే దాన్ని ఒళ్లో పెట్టుకుని పట్టుకుంది. ఎజ్రా వెనకనుంచి ఒక తీగ మీటాడు. ఒళ్లో గుంయ్‌మనేసరికి మామా కెవ్వుమని, ఆ తరవాత నవ్వి, "యల్లా, యల్లా!" అంటూ ఇంకా వాయించమంది. అక్కగారిల్లు వచ్చినా దిగలేదు, పాట అయ్యాకే దిగింది. దాంతో మాకు ఆలస్యమైపోయింది.

మేం హాలు చేరేసరికి నాలుగు పాటలు అయిపోయాయి. నిజం చెప్పాలి, ప్రసాదు ఎడంచెయ్యి బాగానే ఉంది. హాలు నిండా డ్రైవర్లు, వంటవాళ్లు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు, తోటపనివాళ్లు. బేస్ లేదని ఒక్కరికీ లోటు కనపడలేదు. మాస్టారు ఫిడేలు చూసి కనుబొమలెత్తి, వెనక నిలబడమని సైగ చేశారు. తరవాతి పాట డాన్సు పాట. నా కుర్చీ నిలవాలన్నా పోవాలన్నా అందులోనే.

ఎజ్రా తెర పక్కన నిలబడి ఫిడేలు వంక చూస్తున్నాడు. అడగడం లేదు. నాకు వాయించాలని ప్రాణం కొట్టుకుపోతోంది. అయినా మాస్టారి దగ్గరికి వెళ్లి, "ఈ పాట ఈయన వాయిస్తారండి. ఇది ఈయనది" అన్నాను.

"ఈయనదేమిటయ్యా? ట్యూను నాది!"

"ట్యూను మీదేనండి. కింద మెట్లు ఈయనవి. ఈయన ఎజ్రా విట్లీ."

గాయని అప్పటికే మైకు ముందు గొంతు సవరించుకుంటోంది. వాదించే వేళ కాదు. మాస్టారు నన్ను మింగేసేలా చూసి చెయ్యి ఊపారు.

ఎజ్రా మెట్లు ఎక్కాడు. ఆరో మెట్టు దగ్గర నా వైపు కన్నుకొట్టి గెంతాడు. సరిగ్గా మద్రాసు గెంతు! వెనక వరసల్లో ఈలలు. సుబ్బరాయుడు కుర్చీ ఎక్కేశాడు. రెండో చరణంలో కాగితం మీద లేని దారిలో నడక మొదలుపెట్టాడు. మా డ్రమ్ములాయన నిద్రలోంచి లేచినట్టు కళ్లు పెద్దవి చేసుకుని ఆయన వెంట పడ్డాడు. పదకొండేళ్లుగా వాయిస్తున్న పాట, నాకే కొత్తగా వినపడింది.

మూడో చరణానికి ముందు ఆయన వేళ్లు బిగుసుకుపోయాయి. మొహం చూసి తెలుసుకున్నాను. మాస్టారూ చూశారు. అందుకోమన్నట్టు ప్రసాదు వైపు చెయ్యెత్తారు. ప్రసాదు ఎడంచెయ్యి కీబోర్డు మీదికి వెళ్లింది. ఎజ్రా మాత్రం మాస్టారి వైపు తిరిగి గట్టిగా తల అడ్డంగా ఊపి, వాయిస్తూనే ఫిడేలు మెడ పక్కనే ఉన్న నాకు వదిలాడు. తాళం తప్పకుండా అందుకున్నాను. ముందు కాగితం లేదు. ఆరు మెట్లు ఎక్కాను. గెంతలేదు. ఆయనలా ఇంకో మెట్టూ వెయ్యలేదు. వేలు తీగమీద జారింది, జారనిచ్చాను. సన్నగా, నవ్వులా ఒక శబ్దం వచ్చి కిందికి దిగింది. ఎజ్రా "ఆఁ!" అని అరిచాడు.

మాస్టారు ప్రసాదు వైపు ఎత్తిన చెయ్యి మెల్లిగా ముడుచుకుని కిందికి దింపారు. పాట అయ్యేదాకా మళ్లీ ఎత్తలేదు. ప్రసాదు ఎడంచెయ్యి ఒళ్లో పెట్టుకుని నన్ను చూసి నవ్వాడు. మంచివాడు.

పాట మూడుసార్లు పాడించారు. చప్పట్లు ఆగాక మాస్టారు మైకు తీసుకుని, ఈ మెట్లు కట్టిన పెద్దాయన అమెరికానుంచి వచ్చిన ఎజ్రా విట్లీ అని చెప్పారు. ఎజ్రా టోపీ తీసి, నా చెవిలో, "ఇంకోసారి చెప్పమను" అన్నాడు. ఇంకోసారి చెప్పారు.

"ఇక ఈయన మా బేస్" అన్నారు మాస్టారు, నా వైపు తిరిగి. "మద్రాసులో నా పాటలన్నిటికీ ఈయనే. ఇక ముందు కూడా ఈయనే."

అని ఆగిపోయారు. ఆర్కెస్ట్రాలో మమ్మల్ని వాయిద్యం పేరుతోనే పిలుస్తారు. పదకొండేళ్లుగా నేను ఆయనకి ‘బేసూ’ని. మైకు అరచేత్తో మూసి, నా వైపు వంగి, కాస్త సిగ్గుపడుతూ అడిగారు.

"నీ పేరేంటయ్యా?"

కోపం రావాలి. రాలేదు. ఒళ్లంతా నవ్వొచ్చింది. బడిలో హాజరు పలికినట్టు, "బందెల సత్యానందం, సామర్లకోట" అన్నాను. ఆయన మైకు తెరిచి ఇంటిపేరుతో, ఊరితో సహా చెప్పారు. హాల్లో ఎక్కడో వెనక నిలబడి ఉన్న సామర్లకోటవాడెవడో గొంతు చించుకుని కేక పెట్టాడు.